డేగ మువ్వ

కొలంబస్ పేరు వినని విద్యార్థి మన దేశంలో ఉండడు. 1492లో భారతదేశానికి సముద్రమార్గం వెదుకుతూ పడమటికి బయలుదేరాడనీ, పొరబాటున అమెరికా చేరి అక్కడివారిని ఇండియన్లని పిలిచాడనీ మన పాఠ్యపుస్తకాలు రెండు వాక్యాల్లో చెప్పి ఊరుకుంటాయి. మరుసటి పేజీలో వాస్కో డ గామా కోళిక్కోడు చేరుకుంటాడు, కథ మనవైపు మళ్ళుతుంది. ఆ ఒడ్డున నిలబడి ఓడలను చూసినవారెవరో, వారిని వారు ఏమని పిలుచుకునేవారో, తరువాత ఏమైపోయారో ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. ఈ వ్యాసం వారిని గురించి.

వారు తైనోలు. వారి భాషలో ఆ మాటకు "మంచివారు" అని అర్థం. దక్షిణ అమెరికాలోని ఒరినోకో నదీ ప్రాంతం నుండి తరతరాలుగా పడవలమీద దీవి తరువాత దీవి దాటుకుంటూ వచ్చినవారి సంతతి. క్యూబా, జమైకా, ప్యూర్టోరికో, బహామా దీవులలోనూ, నేడు హైతీ, డొమినికన్ రిపబ్లిక్ అనే రెండు దేశాలుగా ఉన్న పెద్ద దీవిలోనూ వారి ఊళ్ళుండేవి. ఆ పెద్ద దీవికి స్పెయిన్ వారు హిస్పానియోలా అని పేరు పెట్టారు. అక్కడ ఒక్కొక్క ప్రాంతానికి ఒక్కొక్క నాయకుడు. అతణ్ణి కసీకే అనేవారు. మట్టిని మోకాలెత్తు దిబ్బలుగా పోసి వాటిమీద కర్రపెండలం, చిలగడదుంప పండించేవారు. చేదు పెండలంలో విషం ఉంటుంది. దాన్ని కోరి, పొడవాటి అల్లిక సంచిలో వేసి పిండి, రసం పోయాక మిగిలిన పిండిని మట్టి పెనం మీద కాల్చి రొట్టెలు చేసుకునేవారు. ఆ రొట్టెలు నెలల తరబడి నిలవ ఉండేవి. విషపు దుంపను నిత్యాహారంగా మార్చుకున్న ఆ నేర్పును ఏ పాఠ్యపుస్తకమూ పేర్కొన్నట్టు నేను చూడలేదు.

1492 అక్టోబరు 12న కొలంబస్ కాలుపెట్టిన మొదటి దీవిని తైనోలు గువానహనీ అనేవారు. బహామా దీవులలో అదొకటి. ఆ రోజు అతడు పంచిన కానుకలలో ఎర్రటోపీలు, గాజుపూసలు, ఇత్తడి మువ్వలు ఉన్నాయి. ఐరోపాలో ప్రభువులు వేటకు పెంచే డేగల కాళ్ళకు కట్టే చిన్న మువ్వలవి. డేగ ఎక్కడ వాలిందో చప్పుడును బట్టి తెలిసేందుకు కట్టేవారు. ఆఫ్రికా పడమటి తీరంలో పోర్చుగీసు వర్తకులు ఇటువంటి చౌక సరుకుతోనే వ్యాపారం చేసేవారు. కొలంబస్ ఆ అలవాటును వెంట తెచ్చుకున్నాడు.

తైనోలు ఆ మువ్వలకోసం బంగారు తునకలు ఇచ్చేవారు. దీన్ని అమాయకత్వంగా, కొన్ని పుస్తకాలలో మూర్ఖత్వంగా కూడా వర్ణించారు. నిజానికి అది వేరొక విలువల లెక్క. తైనోలకు బంగారం కొత్త కాదు. వారి నదులలోనే దొరికేది. దానిని కవోనా అనేవారు. ఇత్తడి మాత్రం వారెన్నడూ చూడని లోహం. దాన్ని వారు "తురే" అన్నారు. ఆ మాటకు ఆకాశం అని అర్థం. అది ఆకాశం నుండి వచ్చిన లోహమని భావించి వాసన చూసి మరీ పుచ్చుకునేవారట. తమ ఏటి ఇసుకలో దొరికే వస్తువునిచ్చి ఆకాశపు లోహాన్ని తీసుకునేవాడు తనకు నష్టం వచ్చిందని అనుకోడు గదా. బేరంలో మోసపోయామని ఆనాడు రెండు పక్షాలలో ఎవరూ అనుకోలేదు.

ఆ డిసెంబరు 24 రాత్రి కొలంబస్ పెద్ద ఓడ సాంతా మరియా హైతీ ఉత్తర తీరంలో ఇసుకదిబ్బకెక్కి పనికిరాకుండా పోయింది. ఆ ప్రాంతపు కసీకే గ్వాకానగరీ తన మనుషులనూ పడవలనూ పంపి సరుకంతా ఒడ్డుకు చేర్పించాడు. అందులో ఒక్క వస్తువు కూడా పోలేదని కొలంబసే రాసుకున్నాడు. మరునాడు పడవలో వచ్చిన కొందరు బంగారు ముక్కలు చూపుతూ, మువ్వల చప్పుడును అనుకరిస్తూ "చుక్ చుక్" అంటూ మువ్వలు అడిగారని కూడా ఆ దినచర్యలోనే ఉంది. విరిగిన ఓడ కలపతో కోట కట్టించి 39 మందిని అక్కడ వదిలి అతడు స్పెయిన్‌కు తిరిగి వెళ్ళాడు. దీవులవారు సౌమ్యులనీ, ఆయుధాలెరుగరనీ, మంచి సేవకులు కాగలరనీ ఆ దినచర్య మొదటి రోజులలోనే రాసి ఉంది. మొదటి మెప్పులోనే తరువాతి కథంతా దాగి ఉంది.

*

1493 చివరలో కొలంబస్ 17 ఓడలతో, వెయ్యిమందికి పైగా మనుషులతో తిరిగి వచ్చాడు. ఈసారి వచ్చినది దారి వెదికేందుకు కాదు, స్థిరపడేందుకు. కోటలో వదిలివెళ్ళిన 39 మందిలో ఒక్కరూ మిగలలేదు. బంగారం కోసం, స్త్రీల కోసం ఊళ్ళమీద పడ్డారు. తమలో తాము కొట్టుకున్నారు. చివరకు లోపలి ప్రాంతపు కసీకే కవోనబో చేతిలో మిగిలినవారు హతులయ్యారు.

స్పెయిన్ రాజదంపతులకు కొలంబస్ బంగారం వాగ్దానం చేసి ఉన్నాడు. పంపేందుకు చాలినంత బంగారం లేదు. 1495 ఫిబ్రవరి నాటికి సుమారు 1,600 మంది తైనోలను పట్టి తెచ్చి, వారిలో దృఢంగా ఉన్న 550 మందిని బానిసలుగా ఓడలకెక్కించారు. ఆ ఓడలలోనే ప్రయాణించిన మికేలే ద కూనెయో అనే ఇటలీ పెద్దమనిషి దీన్నంతా తన ఉత్తరంలో వర్ణించాడు. సుమారు 200 మంది దారిలోనే చనిపోగా శవాలను సముద్రంలో విసిరివేశారు. మిగిలినవారిలో ఎవరికి కావలసినవారిని వారు తీసుకోగా ఇంకా నాలుగు వందల మంది మిగిలారు. వారిని పొమ్మన్నారు. మళ్ళీ పట్టుకుంటారేమోనన్న భయంతో తల్లులు చంటిపిల్లలను నేలమీదనే వదిలి పరుగెత్తారని అతడు రాశాడు. ఇది తైనోల పక్షాన మాట్లాడినవాడి రాత కాదు. ఆ కొల్లలో తానూ పాలుపంచుకున్నవాడి రాత.

అదే ఏడు కప్పం మొదలైంది. బంగారం దొరికే ప్రాంతాలలో పద్నాలుగేళ్ళు దాటిన ప్రతి మనిషీ మూడు నెలలకొకసారి నిండుగా ఒక డేగ మువ్వెడు బంగారపు రజను చెల్లించాలి. బంగారం లేని చోట మనిషికి సుమారు 11 కిలోల పత్తి. చెల్లించినవారికి మెడలో వేసుకునేందుకు ఒక లోహపు బిళ్ళ ఇచ్చేవారు. అదే రసీదు. ఆ బిళ్ళ లేనివాడు శిక్షార్హుడు. మూడేళ్ళ కిందట "చుక్ చుక్" అంటూ చేయి చాపి తీసుకున్న కానుక ఇప్పుడు కొలపాత్ర అయింది.

ఈ శాసనంలోని క్రూరత్వం ఒక ఎత్తు, అజ్ఞానం ఒక ఎత్తు. తైనోలకు బంగారాన్ని గనులు తవ్వి తీసే విద్య లేదు. ఏటి ఇసుకలో కంటపడిన తునకలు ఏరుకోవడమే వారెరిగినది. తరతరాలుగా పోగుపడిన నగలు మొదటి విడతలలోనే పోయాయి. తరువాత మువ్వ నిండలేదు.

అప్పుడు వేగా రియాల్ అనే సారవంతమైన లోయకు కసీకే అయిన గ్వారియోనెక్స్ కొలంబస్ ముందు ఒక ప్రతిపాదన పెట్టాడు. మా వారికి బంగారం తీయడం చేతకాదు. దానికి బదులు దీవి ఉత్తర తీరాన ఉన్న ఇసబెలా నుండి దక్షిణ తీరం వరకు ఏకఖండంగా పంట వేయిస్తాను, మొత్తం కాస్టీల్ రాజ్యానికి సరిపడేంత రొట్టె పండుతుంది, అన్నాడు. ఈ సంగతిని మనకు అందించిన బర్తొలోమే దె లాస్ కాసస్ ఇంకొక మాట కూడా అన్నాడు. కొలంబస్ పరదేశి, ఆస్థానంలో అండలేనివాడు, బంగారం చూపితేనే అతని మాట నిలుస్తుంది, అందుకే ఒప్పుకోలేదని. కప్పాన్ని మాత్రం కొంత తగ్గించారు. అదీ చెల్లలేదు.

నాకు ఈ మొత్తం చరిత్రలో అత్యంత విలువైన ఘట్టం ఇదే. ఓడిపోయినవారిని మనం సాధారణంగా రెండు రూపాలలోనే చూస్తాం: కన్నీరు కార్చేవారిగా, లేదా కత్తి పట్టి నేలకొరిగేవారిగా. గ్వారియోనెక్స్ ఈ రెండూ కాడు. ఎదుటివాడికి ఏమి కావాలో గ్రహించి, తాను ఏమి ఇవ్వగలడో లెక్కవేసి, బేరం పెట్టిన రాజనీతిజ్ఞుడు. పైగా ఆ రోజులలో ఇసబెలాలోని స్పెయిన్ వారు ఆకలితో అలమటిస్తున్నారు. వారికి నిజంగా కావలసినది రొట్టే. ఆకలితో ఉన్నవాడు అన్నం పెడతానన్నవాడి చేతిలో మువ్వ పెట్టి దీన్ని నింపమన్నాడు.

*

గ్వారియోనెక్స్ గురించి మనకు ఇంకొక సాక్షి కూడా ఉన్నాడు. రామోన్ పానె అనే సన్యాసి. తైనోల విశ్వాసాలు తెలుసుకుని రాయమని కొలంబస్ ఆజ్ఞాపించగా అతడు వారి భాష నేర్చుకుని, సుమారు రెండేళ్ళు గ్వారియోనెక్స్ దగ్గరే ఉన్నాడు. అతని చిన్న పుస్తకం 1498 ప్రాంతంలో పూర్తయింది. అమెరికా నేలమీద ఐరోపా భాషలో రాసిన మొదటి పుస్తకంగా దాన్ని పరిగణిస్తారు. మూలప్రతి పోయింది. 1571లో వెనిస్‌లో అచ్చయిన ఇటాలియన్ అనువాదం ద్వారానే అది మనకు దక్కింది. కొలంబస్ దినచర్య మూలప్రతి కూడా పోయింది, లాస్ కాసస్ రాసుకున్న సంగ్రహమే మిగిలింది. తైనోలకు లిపి లేదు. కాబట్టి వారి గొంతు మనకు ఎప్పుడూ మరొకరి నోటి ద్వారా, ఆపైన ఇంకొకరి కలం ద్వారానే వినిపిస్తుంది.

పానె చెప్పిన ఒక సంఘటన చూడండి. గ్వారియోనెక్స్ మొదట క్రైస్తవ ప్రార్థనలు నేర్చుకున్నాడు. తరువాత తన పెద్దలు మందలించగా మానుకున్నాడు. మన నేలను బలవంతాన లాక్కున్నవారి మతం మనకేలనని వారి ప్రశ్న. పానె వెళ్ళిపోయాక అతని మనుషులు కొందరు క్రైస్తవ ప్రతిమలను ఎత్తుకుపోయి, పొలంలో పాతిపెట్టి, మూత్రం పోసి, ఇక నీ పంట బాగా పండుతుందన్నారు. ఇది దైవదూషణ అని కొలంబస్ తమ్ముడు బర్తొలోమే ఆ మనుషులను సజీవదహనం చేయించాడు. నేటి పరిశోధకులలో పలువురు దీన్ని వేరుగా చదువుతున్నారు. తైనోలు తమ దేవతా ప్రతిమలను పంట వృద్ధికై పొలంలో పాతిపెట్టేవారు. కొత్త దేవుళ్ళను కూడా తమ పద్ధతిలో తమ చేలకు ఆహ్వానించి ఉండవచ్చు. అంటే వారు పూజ చేసినందుకు కాలిపోయి ఉండవచ్చు. ఒకే చేష్టను రెండు లోకాలు రెండు విధాలుగా చదివిన చోట, తీర్పు మాత్రం కట్టెలు పేర్చగలిగిన లోకానిదే అయింది.

గ్వారియోనెక్స్ చివరకు కొండలలో దాక్కుని 1498లో పట్టుబడ్డాడు. 1502లో అతణ్ణి స్పెయిన్‌కు పంపేందుకు ఒక పెద్ద నౌకాదళంలో ఎక్కించారు. అదే దళంలో పెద్దయెత్తున బంగారం ఉంది. ఒక తైనో స్త్రీ ఏటిగట్టున కూర్చుని కర్రతో నేలను పొడుస్తుండగా బయటపడిన ప్రఖ్యాతమైన బంగారు ముద్ద కూడా అందులోనే ఉంది. తుపాను రాబోతున్నదని కొలంబస్ హెచ్చరించినా గవర్నరు నికొలాస్ దె ఒవాందో వినలేదు. దళంలో అధికభాగం మునిగిపోయింది. గ్వారియోనెక్స్, ఆ బంగారం ఒకే సముద్రంలో కలిశాయి. ఆ తుపానును స్పెయిన్ వారు పిలిచిన పేరు "హురకాన్". అది తైనో మాటే. ఇంగ్లీషులో హరికేన్ అయింది.

ఒవాందో కాలంలో మిగిలిన స్వతంత్ర ప్రాంతాలు కూడా అణగారిపోయాయి. దీవి పడమటి భాగమైన హరాగ్వాను అనకవోనా పాలించేది. ఆమె కవోనబో భార్య. పాటలు కట్టడంలో దిట్ట అని ప్రసిద్ధి. ఆమె పేరుకు బంగారు పువ్వు అని అర్థం. 1503లో ఒవాందో అతిథిగా వెళ్ళగా ఆమె తన కసీకేలందరినీ పిలిచి విందులు, నృత్యాలతో గౌరవించింది. ఆ ఉత్సవం మధ్యలోనే సైగ చేసి, కసీకేలను ఒక ఇంటిలో బంధించి నిప్పుపెట్టారు. అనకవోనాను సాంతో దొమింగోకు తీసుకువెళ్ళి ఉరితీశారు.

*

ఇక అసలు ప్రశ్న. తైనోలు ఎందుకు అంతరించారు? సాధారణంగా వినిపించే జవాబు, మశూచి అని. ఐరోపావారు తెచ్చిన కొత్త రోగాలకు వారి శరీరాలలో నిరోధకశక్తి లేదు, అది ఎవరి తప్పూ కాదు, ప్రకృతి విపత్తు వంటిది అని. మెక్సికో, పెరూల విషయంలో మశూచి పాత్ర నిస్సందేహంగా చాలా పెద్దది. హిస్పానియోలాలో మాత్రం తేదీలు పక్కపక్కన పెట్టి చూడాలి.

1492లో ఆ దీవి జనాభా ఎంత అన్నదాని మీద అంగీకారం లేదు. లాస్ కాసస్ 30 లక్షలన్నాడు. 20వ శతాబ్దిలో కొందరు 80 లక్షల దాకా వెళ్ళారు. 2020లో వెలువడిన ప్రాచీన జన్యు పరిశోధన కొన్ని పదుల వేలు మాత్రమే ఉండవచ్చంది. లక్షల్లోనే ఉండేవారని పలువురు చరిత్రకారుల అంచనా. 1508 నాటికి 60 వేలు మిగిలారని లాస్ కాసస్ లెక్క. 1514లో శ్రామికులను పంచిపెట్టేందుకు అధికారికంగా లెక్కించినప్పుడు సుమారు 26 వేలు తేలారు. దీవిలో మశూచి నమోదైనది 1518 చివరలో. అంటే అంచనాలలో ఏది నిజమైనా, మశూచి వచ్చేనాటికే పతనంలో చాలా భాగం జరిగిపోయింది.

అంతకుముందే ఫ్లూ వంటి జ్వరాలు వచ్చి ఉండవచ్చునని కొందరి ఊహ. కాదనలేము. అయితే జ్వరం ఏ శరీరాన్ని తాకిందన్నది కూడా చూడాలి. ఎన్‌కోమియెండా అనే ఏర్పాటు కింద ఊళ్ళకు ఊళ్ళను స్పెయిన్ వారికి పంచిపెట్టారు. పురుషులను ఏడాదిలో ఆరు నుండి ఎనిమిది నెలలు దూరపు బంగారు వాగులలో పని చేయించారు. స్త్రీలు వేరే చోట దిబ్బలు పోసేవారు. భార్యాభర్తలు కలుసుకునేది అరుదు. పస్తులున్న తల్లులకు పాలు రాక పసికందులు పోయేవారు. నాటేవారు లేక పొలాలు బీడుపడ్డాయి. అడవిలోకి పారిపోయినవారిని వేటకుక్కలతో పట్టించేవారు. పెండలపు విషరసం తాగి ప్రాణం తీసుకున్నవారున్నారు. ఏ రసాన్ని పిండి పారబోసి అన్నం చేసుకున్నారో, ఆ రసమే చివరి దారి అయింది. ఇక్కడ కూలీలు తగ్గేసరికి బహామా దీవుల మీద పడి అక్కడివారిని ఓడలకెత్తి తెచ్చారు. 1520 నాటికి ఆ దీవులు దాదాపు నిర్మానుష్యమయ్యాయి. కొలంబస్‌కు మొదట ఎదురేగినది గువానహనీవారు. తుడిచిపెట్టుకుపోవడంలోనూ ముందున్నది వారే.

రోగం ఒక కారణం. కాని ఆ రోగానికి పొలం సిద్ధం చేసినది ఆ మువ్వ. దీన్ని మరచి, అంతా క్రిముల మీదకు నెట్టడం హంతకుడికి వైద్యుడిచేత ధ్రువపత్రం ఇప్పించడమే.

ఇది ఆనాటివారికి తెలియనిదీ కాదు. 1511 డిసెంబరు 21న సాంతో దొమింగో చర్చిలో అంతోనియో దె మోంటెసినోస్ అనే సన్యాసి గవర్నరు ఎదుటనే నిలబడి, వీరు మనుషులు కారా, వీరిని ఏ హక్కుతో ఇలా హింసిస్తున్నారని నిలదీశాడు. ఇది కాలమహిమ, ఆనాటి నీతి వేరు అని సరిపెట్టుకునేవారికి ఆ ప్రసంగమే జవాబు. లాస్ కాసస్ అప్పటికి తానే తైనో శ్రామికులున్న యజమాని. 1514లో వారిని వదులుకుని, తరువాతి యాభై ఏళ్ళూ వారి పక్షాన వాదించాడు. తైనోలను కాపాడే తపనలో ఒక దశలో ఆఫ్రికా బానిసలను తేవచ్చని సలహా ఇచ్చాడు, ఆనక దానికి తీవ్రంగా పశ్చాత్తాపపడ్డాడు. ఆ వ్యాపారం మాత్రం ఎవరి పశ్చాత్తాపంతోనూ ఆగలేదు.

తైనోలూ ఊరుకోలేదు. హరాగ్వాలో తండ్రిని పోగొట్టుకుని సన్యాసుల దగ్గర పెరిగిన ఎన్రికీయో 1519లో బవోరూకో కొండలెక్కి పధ్నాలుగేళ్ళు పోరాడాడు. పారిపోయిన ఆఫ్రికా బానిసలు కూడా అతనితో కలిశారు. 1533లో చక్రవర్తి అయిదవ చార్లెస్ తన ప్రతినిధిని పంపి అతనితో సంధి చేసుకున్నాడు. అతని వారికి స్వేచ్ఛ, ఉండేందుకు భూమి దక్కాయి. ఒక ఐరోపా సార్వభౌముడు అమెరికా మూలవాసి నాయకునితో చేసుకున్న తొలి ఒప్పందాలలో ఇదొకటి.

*

"అంతరించారు" అన్న మాటను కూడా ఇప్పుడు జాగ్రత్తగా వాడాలి. 16వ శతాబ్ది మధ్యకు వచ్చేసరికి తైనోలు వందలలోనే మిగిలారని స్పెయిన్ చరిత్రకారులు రాశారు. ఆ తరువాత శతాబ్దాల పాటు పుస్తకాలన్నీ అదే మాట చెప్పాయి. కాని లెక్కలు రాసినవారు ఊళ్ళలో ఉన్నవారినే లెక్కించారు. కొండలలో ఉన్నవారు, స్పెయిన్, ఆఫ్రికా కుటుంబాలలో కలిసిన తల్లులు, వారి పిల్లలు ఆ గడులలో పడలేదు. ప్యూర్టోరికోలో తల్లి వరుసను చూపే జన్యువులను పరిశీలించగా సుమారు 61 శాతం మందిలో మూలవాసుల వరుస కనిపించింది. 2018లో బహామాలో దొరికిన వెయ్యేళ్ళనాటి ఒక స్త్రీ దంతం నుండి పూర్తి జన్యుపటం తీసి, నేటి ప్యూర్టోరికోవారితో ఆ జనానికి గల బంధుత్వాన్ని నిరూపించారు. తాము తైనోలమని చెప్పుకునేవారు ఆ దీవులలోనూ న్యూయార్క్‌లోనూ ఉన్నారు. మీరు అయిదు వందల ఏళ్ళ కిందటే లేరు గదా అన్న ప్రశ్నకు జవాబు చెప్పుకోవలసిన స్థితి వారిది.

వారి మాటలు మాత్రం ప్రపంచమంతా తిరుగుతున్నాయి. కెనూ, హేమక్, టొబాకో, బార్బెక్యూ, ఇగ్వానా, హరికేన్ అన్నీ ఆ దీవుల మాటలే. బొప్పాయి అనే మన మాట కూడా ఆ కరీబియన్ ఒడ్డుల నుండి పోర్చుగీసువారి ఓడలెక్కి వచ్చినదే. మనం సగ్గుబియ్యం చేసుకునే కర్రపెండలం తైనోల రొట్టెదుంపే. గ్వారియోనెక్స్ సముద్రం నుండి సముద్రం దాకా వేస్తానన్న పంట అదే. కొలంబస్ మిరియాల కోసం వెళ్ళి చూసినది మిరప. అది మిరియంకన్నా మేలైనదని 1493 జనవరిలోనే రాసుకున్నాడు. మిరియం పేరును ఆనుకుని మిరపకు పేరు పెట్టుకున్న మనకు ఆ పోలిక తెలియనిది కాదు.

1804లో ఆ దీవి పడమటి భాగంలో ఆఫ్రికా బానిసల సంతతివారు ఫ్రెంచివారిని ఓడించి స్వతంత్రదేశం స్థాపించుకున్నారు. దానికి ఏ ఆఫ్రికా పేరో, ఏ వీరుని పేరో పెట్టుకోలేదు. హైతీ అన్నారు. కొండలనేల అని తైనోలు ఆ దీవిని పిలుచుకున్న పేరు అది. తమకన్నా ముందు ఆ వాగులలో బంగారం కడిగి చనిపోయినవారిని ఆ విధంగా తలచుకున్నారు.

పాఠ్యపుస్తకంలోని ఆ రెండు వాక్యాలకు మూడవది చేర్చడం ఎవరికీ కష్టం కాదు. ఆ ఒడ్డున ఉన్నవారి పేరు తైనోలు; వారు ముందు కానుకలు ఇచ్చారు, తరువాత అన్నం పెడతామన్నారు. ఇంట్లో పిల్లలు ఆ పాఠం చదువుతుంటే మిత్రులు ఈ ఒక్క మాట చేర్చి చెబితే చాలు.